ఏడో రిలే మనిషి

ఎ. పి. వేల్ అనగానే అతని పాఠకుల కళ్ళముందు ఒక మనిషి కదిలేవాడు. తెల్లటి మీసం, కాస్త కుంటి నడక, గోడ నిండా పతకాలు, పక్కన గుర్రమంత కుక్క. అసలు మనిషికి మీసమే లేదు. పేరు వేలూరి ఆంజనేయప్రసాద్, సొంతూరు చీరాల, లండన్‌కు కాస్త దూరంలోని మిల్టన్ కీన్స్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడం ఉద్యోగం. కుక్క ఎదురైతే రోడ్డు దాటేస్తాడు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో చేరబోతే పాదాలు చదునుగా ఉన్నాయని మొదటి పరేడ్ నాడే ఇంటికి పంపించేశారు. ఆ పాదాలతోనే పదేళ్ళపాటు నక్షత్రాల మధ్య యుద్ధాలు నడిపాడు.

శనివారాలు భార్య కనకదుర్గ జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ డ్యూటీకి వెళ్ళాక, డైనింగ్ టేబుల్ మీద పచ్చడి సీసాలు ఒక పక్కకు జరిపి, ఇంగ్లిష్‌లో రాసేవాడు. మొదటి నవల 1998లో వచ్చింది. లండన్‌లో చెప్పులు కుట్టే దుకాణం పైన రెండు గదుల్లో నడిచే ప్రచురణ సంస్థ రెండు వేల కాపీలు వేసి, అవి అమ్ముడుపోతే అదృష్టమనుకుంది. ఆరు నెలల్లో మళ్ళీ అచ్చు వేయవలసి వచ్చింది. ఈ రచయిత సగం జీవితం గుడారాల్లో గడిపి ఉండాలని ఒక పత్రికవాడు రాశాడు. అది చదివి కనకదుర్గ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన గుడారంలో పడుకున్నది ఒక్కసారే, వేల్స్‌లో, అదీ సగం రాత్రి, తర్వాత కారులోకి వచ్చేశాడు.

నవల పేరు 'సెవెంత్ రిలే'. భూమికి చాలా దూరంలో, ఒక చలి చందమామ మీద, ఏడో రిలే అనే చిన్న రేడియో స్టేషన్. యుద్ధనౌకల మాటలన్నీ ఒకదాని నుంచి ఇంకొకదానికి అందేది అక్కడి నుంచే. దాన్ని నడిపేవాడు ఒక్కడే, కార్పొరల్ విక్. ఒకనాడు నౌకలన్నీ వెనక్కి వెళ్ళిపోతాయి. వెళ్ళేవాళ్ళు విక్‌కు చెప్పడం మరిచిపోతారు.

సైన్యపు రేడియోలో ఒక పద్ధతి ఉంది. 'ఓవర్' అంటే నా మాట అయింది, నీ జవాబు కోసం ఆగాను అని. 'అవుట్' అంటే మాటలు ముగిశాయి, ఇంక జవాబు అక్కర్లేదు అని. విక్ 'ఓవర్' అంటాడు. 'అవుట్' అనవలసినవాళ్ళు అనరు. అనేదాకా సెట్టు వదలకూడదని విక్ తనకు తాను పెట్టుకున్న నియమం. అతను సెట్టు ముందు కూర్చుని ఉండగానే నవల అయిపోతుంది.

ప్రచురణకర్తలు గోధుమరంగు కవర్లలో పాఠకుల ఉత్తరాలు పంపేవారు. రాసేవాళ్ళలో సగంమంది రిటైరైన సైనికులు. నౌకల వేగం తప్పని కొందరు, తుపాకుల బరువు తప్పని కొందరు దెబ్బలాడేవారు. చివరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న, విక్ ఏమయ్యాడని. ప్రసాద్ జవాబిచ్చేవాడు కాదు. తర్వాతి నవలల్లో ఒక్కోదాంట్లో ఓ రెండు పేజీలు విక్‌కు కేటాయించి, అతన్ని అలాగే కూర్చోబెట్టి ఉంచేవాడు. విక్ ఉన్నంతకాలం పుస్తకాలు అమ్ముడుపోతాయని ఎడిటర్ హెలెన్ సంబరపడేది. అతన్ని లేపడానికి, చంపడానికి ప్రసాద్‌కు చేతులు రాలేదు. ఎందుకు రాలేదో కనకదుర్గకు తెలుసు. హెలెన్‌కు తెలియదు.

విక్ అంటే ప్రసాద్ అన్న విజయభాస్కర్. పదేళ్ళు పెద్ద. ఆర్మీ సిగ్నల్స్‌లో నాయక్‌గా పనిచేసేవాడు. సైన్యంలో చేరకముందే అతనికి ఆ పిచ్చి ఉంది. రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి, ఒకటి తమ్ముడికిచ్చి, ఒకటి తను పట్టుకుని పెరటి చివరికి పోయి ఫోన్ ఆట ఆడించేవాడు. అవుట్ అనేదాకా అగ్గిపెట్టె చెవి దగ్గర నుంచి తీయకూడదు. ఒకసారి ప్రసాద్ ఆట మధ్యలో అన్నానికి వెళ్ళి, తిని, అక్కడే నిద్రపోయాడు. లేచేసరికి వాన. భాస్కర్ పెరట్లో తడిసి ముద్దయి, నానిపోయిన అగ్గిపెట్టె చెవికి ఆనించుకుని నిలబడే ఉన్నాడు. ఆరేళ్ళ ప్రసాద్‌కు అది చూసి నవ్వొచ్చింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా నవ్వు రాలేదు.

1987 అక్టోబరులో భాస్కర్ శ్రీలంక వెళ్ళే దళంలో ఉన్నాడు. వెళ్ళేముందు మద్రాసు నుంచి, ఇంటి పక్క మందుల షాపుకు ట్రంక్ కాల్ చేశాడు. ఫోనెత్తింది ప్రసాద్. వదినను, పిల్లను చూసుకోమన్నాడు, నువ్విచ్చిన ఎర్రగళ్ళ తువ్వాలు నాతోనే ఉందన్నాడు, చివర్న ఎప్పటిలాగే 'ఓవర్' అని ఆగాడు. షాపులో ఐదారుగురు మందుల కోసం నిలబడి ఇటే చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళవాడు అంతమంది ముందు ఆ చిన్నపిల్లల ఆట ఆడడానికి సిగ్గుపడి, మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సిగ్నల్ పోస్టు దగ్గర నుంచి నాయక్ విజయభాస్కర్ ఆచూకీ తెలియడం లేదు. ఆ తర్వాత ఏ ఉత్తరమూ రాలేదు.

ఆచూకీ లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి కర్మ జరిపించేస్తారు. 1999లో చీరాలలో పెద్దలు ఆ మాట తెచ్చారు. భాస్కర్‌కు ఒక్కతే కూతురు, అనూష. కొడుకులు లేరు కనుక బొమ్మకు నిప్పు పెట్టవలసింది తమ్ముడు. వదిన జయలక్ష్మి బొట్టు తీసేయాలి. ప్రసాద్‌కు టిక్కెట్టు కొనుక్కోమని కబురొచ్చింది. అతను టిక్కెట్టు కొనలేదు. ఫోన్ చేసి, కార్డిఫ్‌లో పాత సైనికుల సభకు వెళ్ళానని, అక్కడ ఒక డాక్టరు అన్నయ్యను రెండేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో ప్రాణాలతో చూశానని చెప్పాడని, వదినకు చెప్పేశాడు. అతను జన్మలో కార్డిఫ్ మొహం చూడలేదు. కర్మ ఆగిపోయింది. వదిన బొట్టు నిలబెట్టానని ప్రసాద్ తనకు తాను చెప్పుకున్నాడు. ఆ నిప్పు తన చేతుల్లోంచి తప్పిపోయిందన్న సంగతి మాత్రం చెప్పుకోలేదు.

మొదటి వింత ఉత్తరం 2001లో వచ్చింది. అదీ కార్డిఫ్ నుంచే. రాసినవాడు గ్విన్ అనే పెద్దమనిషి, పూర్వం సైన్యంలో రేడియో మనిషి, తర్వాత ఆసుపత్రిలో పోర్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మీ పుస్తకంలో నాకు బాగా నచ్చింది విక్ లేచే సన్నివేశం అని రాశాడు. సెట్టు ఆపి, హెడ్‌ఫోన్లను ఎర్రగళ్ళ తువ్వాల్లో చుట్టి, భుజాన వేసుకుని నడక మొదలుపెడతాడు కదా, అక్కడ నాకు కన్నీళ్ళు ఆగలేదు అన్నాడు.

ప్రసాద్ అలాంటి సన్నివేశం రాయలేదు. ఏ నవల్లోనూ విక్ లేవలేదు. తువ్వాలు అసలే లేదు. అతను ఉత్తరం మూడుసార్లు చదివి కనకదుర్గకు ఇచ్చాడు. ముసలాయన పది పుస్తకాలు చదివి కలగాపులగం చేసుకున్నాడని ఆమె కొట్టిపారేసింది. ఆ మాట అంటూనే ఉత్తరాన్ని మిగతా ఉత్తరాల పెట్టెలో వేయకుండా, తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.

రెండేళ్ళకు వేరే ఊరి నుంచి వేరే మనిషి రాశాడు. విక్ మెడలోతు నీళ్ళలో, సెట్టు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు వచ్చే పేజీలు అద్భుతమట. ఇంకొకరు, ఒక స్కూలు టీచరమ్మ, విక్ ఎవరినీ దారి అడగడు, ప్రతి కూడలిలో ఆగి అక్కడి ఫోన్ ఎత్తి 'ఓవర్' అని, కాసేపు విని మళ్ళీ నడుస్తాడు, ఆ ఒంటరితనం భలే పట్టుకున్నారని మెచ్చుకుంది. ఒకరినొకరు ఎరగని మనుషులు. ఏ ఇద్దరూ ఒకే సన్నివేశం చెప్పలేదు. వచ్చిన తేదీల వరసలో పెట్టి చదివితే మాత్రం ఒక మనిషి నడిచి వస్తున్నాడు.

2004లో మిల్టన్ కీన్స్‌లోనే ఒక పుస్తకాల షాపువాళ్ళు పాఠకుల సభ పెట్టారు. మీసం లేని, నల్లటి, పొట్టి వేల్‌ను చూసి జనం మొదట బిత్తరపోయినా మర్యాదగా చప్పట్లు కొట్టారు. చివర్లో ఒకావిడ లేచి అడిగింది. విక్ ఇప్పుడు నడుస్తున్నాడే, గీత గీసినట్టుండే రోడ్లు, అడుగడుక్కీ రౌండబౌట్లు, నడిచే మనిషి ఒక్కడూ కనిపించడు, అది ఏ గ్రహం అని. హాల్లో అందరూ నవ్వారు. మన ఊరే అని ఎవరో అరిచారు. ప్రసాద్ నవ్వలేదు. ఆ పేజీ చూపించమని అడిగాడు. ఆవిడ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. మళ్ళీ తిప్పింది. చెవులు ఎర్రబడ్డాయి. నిన్నే చదివాను, ఇక్కడే ఉంది అంది. చుట్టుపక్కల వాళ్ళు తమ పుస్తకాల్లో వెతకసాగారు. చదివామని అందరూ చెప్పారు. ఒక్కరికీ దొరకలేదు. హాల్లో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆనాటి నుంచి ప్రసాద్ కారు నడపడం మానేశాడు. కనకదుర్గ నడిపేది. పక్కన కూర్చుని, రోడ్డు వారగా చూడకుండా, ఒళ్ళో చేతులు చూసుకుంటూ ఉండేవాడు. ఎవరైనా తువ్వాలు భుజాన వేసుకుని నడుస్తూ కనిపిస్తే ఏం చేయాలో అతనికి తెలియదు. నడిచి వచ్చేది అన్నే అయితే భయమెందుకని కనకదుర్గ అడగలేదు. ఆమెకూ భయంగానే ఉంది.

2007 అక్టోబరులో జయలక్ష్మి ఆరునెలల వీసా మీద లీడ్స్ వచ్చింది. అనూష అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. తొలి కాన్పు దగ్గరపడింది. అల్లుడు జయకృష్ణకు బ్యాంకులో ఐటీ పని, వారానికి నాలుగు రోజులు లండన్‌లో. వదినను ఎయిర్‌పోర్టులో చూసినప్పుడు ప్రసాద్‌కు ముందుగా కనిపించింది ఆమె నుదుటి మీది రూపాయంత బొట్టు. ఆ బొట్టు చూసి ఒకప్పుడు గర్వపడేవాడు. ఈసారి తల దించుకున్నాడు.

పది రోజులకు లీడ్స్ నుంచే ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. విక్ చివరికి ఆ ఎర్ర ఇటుకల భవనం దగ్గరకు చేరాడు, బాగుంది, అని ఉంది అందులో. మూడో అంతస్తు కిటికీ వైపు చూస్తూ నిలబడడం బాగుంది. పైన ఆ తలుపు బయట నీళ్ళతో ఇత్తడి పాత్ర పెట్టి ఉందని కింద వీధిలో ఉన్న అతనికి తెలియడం ఇంకా బాగుంది.

ప్రసాద్ అనూషకు ఫోన్ చేసి ఇంటి సంగతులు అడిగాడు. అమ్మతో పెద్ద గోలగా ఉందని ఆమె నవ్వుతూ చెప్పింది. ఇండియాలో పెట్టినట్టే ఇక్కడా రోజూ సాయంత్రం ఫ్లాట్ తలుపు బయట ఇత్తడి చెంబుతో నీళ్ళు పెడుతోందట, నాన్న వస్తే కాళ్ళు కడుక్కోవడానికి. ఎవరైనా తట్టుకుని పడతారని పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపుకు చీటీ అంటించారట. వాళ్ళది మూడో అంతస్తే. ఎర్ర ఇటుకల భవనమే.

ఇంక లాభం లేదు, ఆ విక్‌ను మీ చేత్తోనే ముగించండి అని కనకదుర్గ అంది. ప్రసాద్ ఆఫీసుకు సెలవు పెట్టి, వారం రోజులు కూర్చుని, చివరి నవల చివరి అధ్యాయం రాశాడు. ఒక నౌక ఏడో రిలేకు తిరిగి వస్తుంది. తలుపు తీస్తే విక్ సెట్టు ముందు కూర్చుని ఉంటాడు. నౌకలు వెళ్ళిపోయిన మొదటిరోజే చనిపోయాడు. ఇన్నేళ్ళూ ఎవరూ వచ్చి చూడలేదు, అంతే. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి అతనికి రెండు రోజులు పట్టింది. రాసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

డిసెంబరులో హెలెన్ ఫోన్ చేసింది. ఎంత మంచి ముగింపు రాశారు, ఇల్లు చేరాడు కదా, ఆ ఇత్తడి పాత్ర నా కళ్ళముందే ఉంది అంది. ప్రసాద్ ఆమెను ఆఖరి పేజీ పైకి చదివి వినిపించమన్నాడు. ఆమె చదివింది. తలుపు తీశారు, అతను కూర్చుని ఉన్నాడు, మొదటిరోజే చనిపోయాడు, ఎవరూ వచ్చి చూడలేదు. ఒక్క అక్షరం తేడా లేకుండా ప్రసాద్ రాసినదే చదివింది. చదివి, చూశారా, ఇల్లు చేరాడు అంది సంతోషంగా.

ప్రసాద్ ఫోన్ పెట్టేశాడు. కాగితం మీద తను ఏం రాసినా ఇక లెక్కలోకి రాదని అర్థమైంది. ఎనిమిదేళ్ళ కిందట కాగితం మీద రాయకుండా నోటితో చెప్పిన కథ ఒకటుంది. దాన్ని అది విన్న మనిషి దగ్గరే వెనక్కి తీసుకోవాలి.

జనవరిలో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ లీడ్స్ వెళ్ళారు. అనూషకు పాప పుట్టి నాలుగు వారాలైంది. మధ్యాహ్నం నాలుగింటికి కనకదుర్గ, పాపకు ఏవో కొనాలన్న వంకతో, అనూషను సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్ళింది. పాప లోపలి గదిలో నిద్రపోతోంది. అప్పటికే బయట చీకటి పడుతోంది. జయలక్ష్మి లేచి, చెంబు కడిగి, నీళ్ళు పట్టి, తలుపు బయట పెట్టి వచ్చింది.

ఇప్పుడు ఆగితే ఇంక చెప్పలేనని ప్రసాద్, ఆమె కూర్చోకముందే చెప్పేశాడు. కార్డిఫ్ సభ లేదు. డాక్టరు లేడు. అన్నయ్యను ఎవరూ చూడలేదు. అంతా తను అల్లిన కథ.

జయలక్ష్మి నిలబడే వింది. కోపం వస్తుందనీ, ఏడుస్తుందనీ అతను అనుకున్నాడు. ఆమె చేతి తడి కొంగుకు తుడుచుకుని, సోఫా అంచున కూర్చుంది.

"నా బొట్టు కోసం చెప్పావా?" అంది.

"అవును వదినా."

"ఆ రోజు పంతులుగారిని పిలిపించింది పెద్దవాళ్ళు కాదు ప్రసాదూ. నేనే. పన్నెండేళ్ళు రోజూ నీళ్ళు పెట్టి పెట్టి నా వల్ల కాలేదు. ఆయన్ని పంపించేద్దాం, నేనూ కాస్త నిద్రపోతాను అనుకున్నా. బొట్టు నేనే తీసేస్తానన్నా. అప్పుడు నువ్వు ఫోన్ చేశావు."

ఎనిమిదేళ్ళుగా తను చేసిన మేలు అనుకున్నది ఏమిటో ప్రసాద్‌కు అప్పుడు తెలిసింది. ఇద్దరిని ఇన్నేళ్ళూ నిలబెట్టి తను కూర్చున్నాడు. ఒకరు తలుపు లోపల, ఒకరు రోడ్డు మీద. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

ఆ సమయానికి తలుపు పక్క గోడ మీద ఉన్న ఫోన్ మోగింది. కింద వీధి తలుపు దగ్గర ఎవరైనా బెల్ నొక్కితే పైన ఫ్లాట్‌లో మోగే ఫోన్ అది. జయలక్ష్మి దానివైపు చూడకుండానే, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నేనొచ్చిన పదో రోజు నుంచీ రోజూ ఇదే వేళకి మోగుద్ది. అనూష తీస్తే ఎవరూ మాట్లాడరంట. పాడైపోయింది, బాగుచేయించాలంటది. నేనైతే ఒక్కసారి కూడా తియ్యలేదు."

"ఎందుకు?"

"తీస్తే రమ్మంటానేమోనని. ఎలా ఉన్నాడో తెలీని మనిషిని, పసిపిల్ల ఉన్న ఇంట్లోకి." ఆమె లోపలి గది వైపు చూసింది. "రోజురోజుకీ అనకుండా ఉండడం కష్టమైపోతోంది ప్రసాదూ."

ఫోన్ మోగుతూనే ఉంది. లోపల పాప కదిలి, చిన్నగా మూలిగింది. ప్రసాద్ లేచి వెళ్ళి రిసీవర్ ఎత్తాడు.

వాన చప్పుడు. కిటికీ బయట వాన లేదు, వీధి దీపం కింద రోడ్డు పొడిగా ఉంది. ఫోన్‌లో మాత్రం చీరాల వాన, పెంకుల మీద పడే వాన. దాని వెనక ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. చాలా దూరం నడిచి వచ్చినవాళ్ళ ఊపిరి. ప్రసాద్ గోడకు ఆనుకున్నాడు.

"ఓవర్" అంది గొంతు.

ముప్పై రెండేళ్ళ మనిషి గొంతు. ప్రసాద్‌కు ఇప్పుడు నలభై మూడు. అన్న తనకంటే చిన్నవాడైపోయాడు. చెప్పిన పని చేసిన చిన్నపిల్లాడిలా, విసుగు లేకుండా, కోపం లేకుండా, జవాబు కోసం ఆగాడు.

ప్రసాద్ వదినవైపు చూశాడు. ఒక్క మాట చాలు, లోపలికి రమ్మనవచ్చు. ఆమె ఏ మాట చెప్పమంటే అది చెప్పడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. జయలక్ష్మి వచ్చి అతని పక్కన నిలబడి, రిసీవర్‌కు చెవి ఆనించి కాసేపు వింది. కళ్ళు మూసుకుంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత వెనక్కి జరిగింది.

"నన్ను కాదు, నిన్నే అడుగుతున్నాడు," అంది. "చెప్పెయ్."

"అన్నయ్యా," అన్నాడు ప్రసాద్. "నేను అన్నం తిని నిద్రపోయాను. నిన్ను వానలో వదిలేశాను. షాపులో జనం చూస్తున్నారని నీకు మాట చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. వదిన బాగుంది. అనూష డాక్టరైంది, పాప పుట్టింది, నీ పోలికే. ఇంక నువ్వు నిలబడక్కర్లేదు."

మందుల షాపులో ఇరవై ఏళ్ళ కిందట నాలుక చివర ఆగిపోయిన మాట, అంత చిన్న మాట, ఇప్పుడు బండలా బరువుగా ఉంది. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తినట్టు ఎత్తి, చెప్పాడు.

"అవుట్."

వాన ఆగిపోయింది. ఆ మాటకు జవాబు ఉండదు, అది పద్ధతి. అటు నుంచి ఏ చప్పుడూ రాలేదు. ప్రసాద్ రిసీవర్‌ను గోడకు తగిలించాడు. ఇద్దరూ తలుపు తీసి చూశారు. వరండాలో ఎవరూ లేరు. చెంబులో నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, అంచుదాకా, ఇంకా సన్నగా కదులుతూ. జయలక్ష్మి వంగి చెంబు తీసుకుంది. తెచ్చి సింక్‌లో వంపి, బోర్లించింది. తర్వాత లోపలికి వెళ్ళి పాప పక్కన పడుకుంది. అనూష వాళ్ళు వచ్చి ఎంత పిలిచినా లేవలేదు, మర్నాడు తొమ్మిదింటిదాకా అలాగే నిద్రపోయింది. గోడ మీది ఫోన్ మళ్ళీ ఆ వేళకు మోగలేదు. బాగైపోయిందని అనూష అనుకుంది.

ఏప్రిల్‌లో ప్రసాద్ చీరాల వెళ్ళి దర్భ బొమ్మకు నిప్పు పెట్టాడు. కర్మ అయ్యాక కూడా జయలక్ష్మి బొట్టు తీయలేదు. పెద్దవాళ్ళు సణిగితే, ఆయన్ని పంపించడం మీ పద్ధతిలోనే అయింది, నా మొహం మీద ఏముండాలో నేను చూసుకుంటానని చెప్పేసింది. చెంబు మాత్రం అటక ఎక్కించింది.

చివరి నవల జూన్‌లో వచ్చింది. వారం తిరగకుండా ఉత్తరాలు మొదలయ్యాయి, ఈసారి కవర్లు కాదు, సంచి. తిట్లే తిట్లు. పదేళ్ళు కూర్చోబెట్టి చివరికి శవాన్ని చూపిస్తావా అని ఒకడు పుస్తకం చించి ముక్కలు పంపాడు. హెలెన్ కూడా ఫోన్ చేసింది, ముగింపు ఇలా ఎప్పుడు మార్చారని అడిగింది, చాలా నొచ్చుకుంది. కనకదుర్గ ఒక్కో ఉత్తరం పైకి చదువుతుంటే ప్రసాద్ ఆనందంగా విన్నాడు. ఇన్నేళ్ళకు తను రాసింది జనం చదువుతున్నారు.

సంచి అడుగున కార్డిఫ్ ఉత్తరం ఉంది. గ్విన్ తిట్టలేదు. నాకు ఎనభై దాటింది, మతి తప్పుతోందేమో, చిన్న సాయం చేయండి అని రాశాడు. విక్ లేచి, హెడ్‌ఫోన్లు ఎర్ర తువ్వాల్లో చుట్టుకుని నడక మొదలుపెట్టే పేజీ కోసం మీ పుస్తకాలన్నీ మొదటి నుంచీ మళ్ళీ తిరగేశాను, ఎక్కడా లేదు, అది నేను చదవలేదని మా అమ్మాయి అంటోంది, ఏ పుస్తకంలో ఏ పేజీయో దయచేసి తెలపండి.

పాఠకులకు జవాబులు ఎప్పుడూ కనకదుర్గే అచ్చు కార్డుల మీద పంపేది. ఈ ఒక్కదానికి ప్రసాద్ కలం తీసుకున్నాడు. మీ మతి బాగానే ఉంది, మీరు చదివింది నిజమే అని రాశాడు. అతను ఇక నడవడం లేదు కనుక ఆ పేజీ ఇప్పుడు లేదు అని రాశాడు. కింద ఎ. పి. వేల్ అని పెట్టబోయి ఆగి, తెలుగులో తన పూర్తి పేరు సంతకం చేశాడు.